వెనక అందుకునేటోళ్లు

గోదావరిఖని నుంచి శ్రీరాంపూర్ దాక నా పాట మోగని షేర్ ఆటో లేదు. చౌరస్తాల నిలబడి చెయ్యెత్తితే చాలు, ఆటో పూర్తిగ ఆగకముందే లోపల నా పాట మొదలైతది. ఎక్కినోళ్లు నా మొఖం దిక్కు చూస్తరు, స్పీకరు దిక్కు చూస్తరు, మళ్లీ నా మొఖం దిక్కు చూస్తరు. నేను ఏమీ ఎరుగనట్టు రోడ్డు దిక్కు చూస్తుంట. గొప్పోళ్లు అట్లనే ఉండాలె.

నౌకరి దిగిపోయి, మోకాళ్లకు నూనె రాసుకునే వయసుల, గిటారు పట్టుకుని ఒక్కణ్నే పాటలు రికార్డు చేసుడు మొదలువెట్టిన మనిషిని నేను. స్టూడియో ఆయన నా వీడియోల మీద ‘ఫోక్ రాక్ సోలో’ అని రాస్తడు. అందుల ఆఖరి మాట నన్ను ఎంత తిప్పలు పెట్టిందో మీకు చెప్పాలె.

నాకు పాట రెండు దిక్కుల నుంచి వచ్చింది. మా నాయిన బొగ్గుబాయిల పనిచేసేటోడు, ఆదివారం చర్చిల ముందు వరుసల కూసునేటోడు. ఆ చర్చి క్వయర్ల గిటారు నేర్చుకున్న. తర్వాత నేను సుత బాయిల దిగిన. అక్కడ చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చిన దోస్తులు పల్లెపాట నేర్పిండ్రు. వాళ్లల్ల ఒకాయన డప్పు కొడుతడు. ఆయనను బావ అంట. చుట్టరికమేం లేదు, ఏండ్ల తరబడి ఒకే షిఫ్టుల కలిసి దిగితే ఎవలో ఒకలు బావ అయితరు. నా గిటారు, ఆయన డప్పు కలిస్తే మొదట్ల కుక్కలు మొరిగేటివి. అలవాటైనంక అవి సుత ఊకున్నయి.

అందరం కలిసి ఐదుగురం. సభ అయినా, పెండ్లి అయినా, క్రిస్మస్ ముందు ఇల్లిల్లు తిరిగి పాడే పాటలైనా మమ్ములనే పిలిచేటోళ్లు. ఎక్కడికి పోయినా మాకు దొరికేది ఒక్కటే మైకు. అందుకని ఒక పద్ధతి పడ్డది. నేను మైకు ముందు నిలబడి రెండు మాటలు పాడి, ఒక అడుగు వెనకకేస్త. మిగిలినోళ్లు మైకు మీదికి వంగి వంత అందుకుంటరు. వాళ్లు పాడుతుంటే నేను దమ్ము తీసుకుంట, చెమట తుడుచుకుంట, జనంల మా ఆవిడ ఎక్కడ కూసున్నదో ఎతుక్కుంట. వంత అయిపోంగనే మళ్లీ అడుగు ముందటికి. ఆ ముందుకూ వెనకకూ నడిచిన దూరమంతా కలిపితే కరీంనగర్ పోయి రావచ్చు.

రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. అది అందరికీ ఎరుకే. కానీ క్వార్టర్లతో పాటు పాట సుత ఖాళీ అయితదని మాకు తట్టలే. ఒకాయన సామాను ట్రాలీకి ఎక్కిచ్చుకుని శ్రీరాంపూర్ దిక్కు బిడ్డ కాడికి పోయిండు. ఒకాయన పెద్దపల్లి దగ్గర ఇల్లు కట్టుకున్నడు. ఇంకొకాయన ఊరికి పోయి పొలం పట్టుకున్నడు, ఫోన్ చేస్తే ఆయన మాట కన్న బోరు మోటరు సప్పుడే ఎక్కువ వినవడుతది. ఖనిల మిగిలింది నేను, బావ.

"ఇగ గిటారు గోడకు తలిగేసుకో," అన్నడు బావ. "వెనక అందుకునేటోడు లేంది నువ్వేం పాడుతవ్?"

ఆ మాట ముల్లు లెక్క దిగింది. పొద్దుగాల నడువనీకి పోతే తెలిసినోళ్లు ఆపి, "మీ పాటలు మస్తుండేవి కాకా," అనేటోళ్లు. ఉండేవట! నేనింక బతికే ఉన్న గదా. ఒక్క పాట, నా ఒక్కని గొంతుతోని, మొదలు నుంచి ఆఖరు దాక రికార్డు చేసి ఈ ఖనిల వినిపియ్యాలె. లేకపోతే నేను పాటగాణ్నే కాదు, నలుగురి ముందల నిలబడ్డ మనిషిని అంతే అని తేలిపోతది. అదీ నా భయం.

పాట తయారుగనే ఉన్నది.

పొద్దు పొడవక ముందె దిగితిని
పొద్దు గూకినంకనె ఎక్కితిని
ఎండ ఎట్లుంటదో చెప్పవె పిల్లా

మొదటి రెండు నావి. ఎండ ఎట్లుంటదని అడిగేది వంత.

బావ విని మెడ గోక్కున్నడు. "ఫస్టు షిఫ్టు మధ్యాహ్నానికే అయిపోతది గదా. పొద్దు గూకేదాక యాడ పండుకున్నవ్?"

"పాటల షిఫ్టు పెద్దగుంటది బావా."

"నీ పాటల ఓవర్‌టైం సుత ఉంటది."

స్టూడియో ఒక మొబైల్ రిపేరు దుకాణం మీద ఉంటది. సప్పుడు గోడలకు తగిలి మళ్లీ రాకుండ చుట్టూ పాత బొంతలు కట్టిండ్రు. దాని ఓనరు పెండ్లి వీడియోలు తీసి తీసి జుట్టు నెరిసినాయన. నేను లోపల అడుగువెట్టంగనే వచ్చి నా కాళ్లు మొక్కిండు. సరే, నా కాళ్ల కాడున్న ప్లగ్గుల వైరు పెట్టెతందుకు వంగిండు. కానీ వంగిండు గదా!

బావ డప్పును కింద చాయ్ బండి పొయ్యి మీద సెగ చూపిచ్చుకొచ్చిండు. చాయ్ పోసేటాయన పాలు పొంగుతయని తిట్టుకుంటనే సగం పొయ్యి ఇచ్చిండట. లోపల ఫ్యాను బంద్, దాని సప్పుడు పాటల పడుతదని. ఉక్కకు ఓర్వలేక మా ఆవిడ టిఫిన్ డబ్బ ఒళ్లె పెట్టుకుని బయట మెట్ల మీద కూసున్నది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే నెత్తి మీద హెల్మెట్ ఉన్నట్టనిపించి ధైర్యం వచ్చింది. గిటారు మీటిన. డప్పు మోగింది. రెండు మాటలు పాడిన, అలవాటుగ ఒక అడుగు వెనకకేసిన. వైరు కాళ్లకు సుట్టుకున్నది. గిటారుతో సహా బొంతల మీద పడ్డ.

"ఏమైంది కాకా?" అని స్టూడియో ఆయన ఉరికొచ్చిండు.

"ఏం కాలే. పెట్టు."

మళ్లీ పాడిన. మళ్లీ వెనకకేసిన. ఈసారి పడలే గని మైకుకు నా దమ్ము సప్పుడే వినవడ్డది. ఆయన చాక్‌పీసుతో నా కాళ్ల ముందలొకటి, వెనకొకటి గీతలు గీసి, "ఈ గీతల నడుమనే ఉండు కాకా," అన్నడు. ఉన్న. రెండు మాటలు పాడి, గీతల నడుమ నిలబడి, నోరు మూసుకున్న.

"మర్చిపోయినవా?"

"మర్చిపోలే. ఆగిన."

"ఎందుకు?"

"వాళ్లు అందుకోవాలె గదా."

"ఎవలు?"

పక్కకు చూసిన. బొంత ఉన్నది.

బావ డప్పు మీద మొఖం పెట్టి నవ్వుతున్నడు. రోషం వచ్చింది. ఆగకుండ పాడుత సూడుండ్రని మొత్తం నేనే అందుకున్న. రెండో చరణం దాక లాగిన. అక్కడికెళ్లి గొంతు గీరుకుపోయింది, మాట సగంల తెగింది. బాయిల మింగిన బొగ్గు దుమ్మంతా ఇయ్యాల నా దమ్ముకు అడ్డం వచ్చిందనుకున్న. వెనకకు జరిగి గాలి పీల్చుకునే జాగ లేకపోతే పాట ఎట్ల నడుస్తది?

స్టూడియో ఆయన ఓపికున్నాయన. "ఫికర్ చెయ్యకు కాకా, నీ గొంతునే కంప్యూటర్ల నలుగుర్ని చేస్త," అని ఏందేందో నొక్కి వినిపిచ్చిండు. ముందల నేను అడుగుతున్న, వెనకనుంచి నలుగురు నేనులు అదే అడుగుతున్నరు. అద్దాల దుకాణంల తప్పిపోయినట్టైంది. మెట్ల మీది నుంచి మా ఆవిడ కేకేసింది.

"ఒక్కనితోనే యాష్టకొస్తుంటే మళ్లీ నలుగురా?"

అది తీసేపిచ్చిన. అప్పటికి ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు పెట్టే యాళ్ల అయింది. స్టూడియో ఆయన గడియారం చూసి మిషిను బంద్ చేసి, గాలి కోసం తలుపు తీసిండు. ముగ్గురం చేతులు ఒళ్లె పెట్టుకుని కూసున్నం. కిటికీ అద్దాలు గడగడమన్నయి, బొంతల నుంచి దుమ్ము రాలింది. ఇంటికి పోయినంక బావకు మొఖం ఎట్ల చూపియ్యాలె అనుకుంటున్న, ఆయన పక్కనే కూసున్నడు. ఊకె గిటారు మీద వేళ్లు ఆడిచ్చుకుంట, ఎవలి కోసం కాదు, మెల్లగ మూడు మాటలూ అనుకున్న. ఎండ ఎట్లుంటదో చెప్పవె పిల్లా.

మెట్ల మీది నుంచి జవాబొచ్చింది.

ఎండ వాకిట్ల ఆరేసిన
వచ్చి సూసుకోవయ్యా

పాట కోసం అన్నది కాదు. ఇంట్ల నేను ముందటర్రల సాధన చేస్తుంటే ఆమె వంటింట్ల నుంచి నోటికొచ్చింది అందుకుంటది. ఒక్కోసారి కూరల ఉప్పు ఎక్కువైందని సుత అదే రాగంల చెప్తది. మగోళ్లు వంత పాడినన్ని రోజులు ఏ పాటల చూసినా అడుగుడే తప్ప జవాబు లేదు. ఈమె జవాబు చెప్పింది.

స్టూడియో ఆయన మైకు పట్టుకుని గడప కాడికి ఉరికిండు. "చిన్నమ్మా, ఇంకోసారి!"

"నేనా? చీర సుత మంచిగ లేదు."

"వీడియో కాదు చిన్నమ్మా. గొంతే."

"గొంతు సుత మంచిగ లేదు."

కానీ పాడింది. లోపలికి మాత్రం రానన్నది. డబ్బ ఒళ్లెనే ఉన్నది, తలుపు సగం తెరిచే ఉన్నది, నేను రెండు గీతల నడుమ నిలబడి అడిగిన, ఆమె మెట్ల మీది నుంచి చెప్పింది. ఒకచోట కింది నుంచి ఆటో హారను పడ్డది, ఉండనీయమన్న. ఆఖరు దాక పోయినం, ఎక్కడా తెగలే.

తర్వాత అడిగినోళ్లందరికీ, కావాలనే ఆమెను బయట కూసోవెట్టిన, ఆ రెండు మాటలు ఆమె కోసమే దాచిపెట్టిన అని చెప్పిన. అంతా అబద్ధం. ఆ మాటలు నాకు జన్మల తట్టయి.

ఆటోల సంగతి సుత చెప్పేస్త. నా పాట మోగే ఆటో ఒక్కటే. అది నడిపేది మా ఆవిడ తమ్ముడు. నేనెక్కితే పెడుతడు, వేరే సవారీ ఎక్కంగనే తీసేస్తడు. శ్రీరాంపూర్ దాక పోనే పోడు, గోదావరి బ్రిడ్జి ఇవతల్నే మలుపుకుంటడు. కానీ ఇది మాత్రం ఇసుమంత పెంచకుండ చెప్తున్న. ఒకనాడు పొద్దుగాల కూరగాయల అంగట్ల తోటకూర కట్టలు కట్టే ఆమె ‘ఎండ వాకిట్ల ఆరేసిన’ అని తనల తను పాడుకుంటున్నది. నేనెవలో ఆమెకు తెల్వదు. తోటకూర అవసరం లేకున్నా రెండు కట్టలు తీసుకుని, ఆ పాట మళ్లీ తిరిగొచ్చేదాక అక్కడ్నే నిలబడ్డ.

అట్ల నా సోలో నడక మొదలైంది. తర్వాత ఇంకా పాటలొచ్చినయి, వస్తనే ఉన్నయి. ప్రతి పాటకు ఒక మైకు మెట్ల మీద పెడుతరు. వీడియో మీద సోలో అనే ఉంటది. తీసెయ్యమని నేను గట్టిగ అడగలే కూడ.

మొన్న శ్రీరాంపూర్ల రిటైరైనోళ్లంతా కమ్యూనిటీ హాల్ల కలుసుకుంటున్నం, వచ్చి పాడుమని మా పాత వంతాయన పిలిచిండు. పెద్దపల్లి ఆయన వచ్చిండు, పొలమాయన సుత మోటరు బంద్ చేసి వచ్చిండు. బావ, మా ఆవిడ, నేను బస్సుల పోయినం. పాత దోస్తులందరు ముందు వరుసల కూసున్నరు, వాళ్ల పక్కన మా ఆవిడ. పాడేముందు రెండు మాటలు చెప్పమన్నరు. నాకు మైకిచ్చి రెండు మాటలంటే ఆగుతనా? బొగ్గు నా దమ్ము ఎట్ల తీసుకుపోయిందో, ఒంటరి గొంతుతోని బొంతల నడుమ ఎట్ల కొట్లాడిన్నో, నా భార్య తన ఊపిరి నాకెట్ల అరువిచ్చిందో చెప్పిన. ఒకామె కొంగుతో కండ్లు తుడుచుకున్నది, ఆమెను చూసి నాకు సుత నీళ్లొచ్చినయి. మా వంతోళ్లు ముగ్గురు, బావ, తలకాయలు కిందికి వేసుకున్నరు, భుజాలు ఊగుతున్నయి. పాపం, ఏడుస్తున్నరనుకున్న. నవ్వాపుకోలేక సస్తున్నరు.

మా ఆవిడ లేచి నిలబడ్డది. ఆమెకు మైకు అక్కెర లేదు.

"నీ దమ్ముకేమైందయ్యా? పొద్దుగాల బస్సు ఎనక ఉరికినప్పుడు యాడికెళ్లి వచ్చింది? రాగం పైకి పోయినకాడల్ల నీ గొంతు శ్రుతి నుంచి పక్కకు జరుగుతది, నీకే తెల్వదు. అది జనానికి వినవడొద్దని ఇన్నేండ్లు ఈ అన్నలు నీ మాట అయిపోకముందే అందుకున్నరు, ఇప్పుడు నేను అందుకుంటున్న. ఏడుసుడు బంద్ చేసి, జర గొంతు తగ్గిచ్చి మొదలువెట్టు. లేకుంటే ఒక్కనివే పాడాల్సొస్తది."