పళ్ళిపట్టు కేక

వరదన్ కోపానికి అడ్డొచ్చిన వస్తువేదీ తిరుత్తణిలో బతికి బట్టకట్టలేదు. అమ్మో, ఏం కోపమండీ అది! మౌసు నెమ్మదిగా కదిలిందని గోడకేసి కొట్టేవాడు. ఆటలో ఓడిపోయి కీబోర్డు గుద్దిన కాలేజీవాణ్ణి కాలరు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చి బజార్లో పడేసేవాడు. అయినా అతని గేమ్ సెంటరు ఎప్పుడూ కిటకిటలాడేది. బస్సు నడిపే ఆటలోకి మన ఊరి బస్సుల్ని, మన రోడ్లని, మన హారన్లని చేర్చడంలో, అంటే మాడ్లు వెయ్యడంలో, తిరువళ్ళూరు దాకా అతన్ని మించినవాడు లేడు.

అతని దగ్గర అందరూ తిట్లతో సహా నేర్చుకునే పాఠాలు రెండు. రెండు మాడ్లలో ఒకే పేరున్న ఫైలుంటే, జాబితాలో పైనున్న మాడ్‌దే పలుకుతుంది. కిందది ఎక్కడికీ పోదు, నోరు మూసుకుని పడుంటుంది. ఇక రెండో పాఠం, ఒక ఫైలుకు రెండు కాపీలు ఉంచకూడదు. "డిస్కేమన్నా మీ తాత పొలమా, పరిచి పెట్టుకునేదానికి?" అంటూ కాపీ కనబడ్డ చోటల్లా చెరిపేసేవాడు.

ఆ రెండో పాఠాన్ని తమ్ముడి గొంతుకు కూడా వర్తింపజేశాడు. అక్కడే వచ్చింది చావంతా.

తమ్ముడు చౌడయ్య పళ్ళిపట్టు వెళ్ళే ప్రైవేటు బస్సులో కండక్టరు. "పళ్ళిపట్టు, పళ్ళిపట్టు! వాంగో వాంగో! ఎక్కు తాతా, రై...ట్!" అని అరవమూ తెలుగూ కలిపి అతను వేసే కేకను వరదన్ ఫోనులో పట్టి, తమ్ముడి బస్సు మాడ్‌లో హారనుకు బదులు పెట్టాడు. పెట్టి, ఫోనులోది చెరిపేశాడు. ఒకటుంటే చాలు కదా!

పోయిన ఏడు బస్టాండులో టైమింగు తగాదా వచ్చింది. మా టైములో మీ బండి ఎలా తీస్తారని ఎదుటి బస్సువాళ్ళు జాకీ రాడ్డుతో చౌడయ్య తల పగలగొట్టారు. వరదన్ పరిగెత్తుకెళ్ళేసరికి టికెట్ల సంచి నెత్తుట్లో నాని ఉంది. కొట్టినవాడి చెవి కొరికి తెంచాడు గానీ తమ్ముణ్ణి దక్కించుకోలేకపోయాడు. అప్పట్నుంచి రోజూ సెంటరు తెరవగానే ఆటలో ఆ బస్సెక్కి హారను మీట నొక్కేవాడు. తమ్ముడు కేకేసేవాడు. అది విన్నాకే కాఫీ తాగేవాడు.

చౌడయ్య పోయి ఏడాది తిరిగిన రోజు, అక్క మొగుడు ఆనంద్‌రాజ్ గుమ్మిడిపూండి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చాడు. బావకు సెంటరు అప్పజెప్పి వరదన్ అరటాకులు తేవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి, మనసాగక, బస్సెక్కి మీట నొక్కాడు.

ఏదో ఎయిర్ హారను పీం పీం అని మోగింది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. డిస్కు చూశాడు. పొద్దున ఎర్రగా నిండిపోయి ఉన్న డిస్కులో ఇప్పుడు బోలెడు ఖాళీ.

"బావా, నా తమ్ముడు యాడ?"

"ఉండు వరదా, చెప్తా. డిస్కులో జాగా లేదంటే కొంచెం తీసేసినా..."

అంతే, పిడికిలి ఆనంద్‌రాజ్ నోటి మీద పడింది. రెండు పళ్ళు ఊడాయి. వరదన్ షట్టరు లాగే ఇనప కొక్కెం అందుకున్నాడు. మొదటి దెబ్బకు బావ భుజం ఎముక టక్కుమంది. "వాణ్ణి రెండోతూరి సంపేసినావు కదరా!" పెళ్ళినాటి నుంచి బావను ఏనాడూ 'రా' అననివాడు! రెండో దెబ్బకు ఆనంద్‌రాజ్ పక్కకు దొర్లాడు. కొక్కెం పోయి, వేడికి మూత తీసి ఉంచిన సీపీయూలో దిగింది. ఆగాడా? ఆగలేదు. తమ్ముడి గొంతు లేని పెట్టె ఇంకెందుకని చెయ్యి పీకేదాకా బాదాడు. పాత లాప్‌టాప్ నుంచి పీకి తగిలించిన డిస్కు చితికిపోయింది. లోపలి గాజుబిళ్ళ ముక్కలై నేలంతా చిందింది.

ఆనంద్‌రాజ్ గోడకు ఆనుకుని నెత్తురు ఉమ్మాడు.

"నేను తీసింది కుస్తీ ఆట, వరదా. ఎవురూ ఆడనిది. చౌడయ్య బండికని పళ్ళిపట్టు రోడ్డు మాడ్ తెచ్చినా. దాన్లోనూ అదే పేరుతో హారనుండి, అది పైన కూచున్నట్టుంది. నువ్వు కిందికి దించుంటే..."

మిగతాది చెప్పనక్కర్లేదు. ఆ మొదటి పాఠం ఊరందరికీ నేర్పినవాడు వరదనే. కొక్కెం వదిలేసి నేల మీద కూర్చున్నాడు. గాజుముక్కలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. చేతులు తెగి కారుతున్నా ఏరుతూనే ఉన్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అక్క దేవసేన ఆయాసపడుతూ, నవ్వుతూ వస్తోంది.

"వరదా! పొయ్యి మీద వడలు వదిలేసి వచ్చినా. చౌడయ్య మన రోడ్డు మీదే కేకేస్తా పోతాడంట, మీ బావ పోన్ చేసి రమ్మనె. ఏదిరా, పెట్టు, ఇంటాను!"

ఆమె లోపలికి రాకముందే షట్టరు దించెయ్యాలని వరదన్ లేచాడు. రెండు చేతుల నిండా ముక్కలున్నాయి.