కళ్ళు తెరిచి వాయించాలి

అమెరికాలో, ఎడిసన్‌లో మా ఇంటి దగ్గర ఒక బార్‌లో ఆదివారం మధ్యాహ్నాలు బ్లూస్ సంగీతం వాయించేవారు. గిటార్ తెచ్చుకున్న ఎవరైనా ఒకసారి వేదిక ఎక్కవచ్చు. మళ్ళీ పిలవడం మాత్రం బృందాన్ని నడిపే పెద్దాయన ఇష్టం. ఆయన జీవితమంతా గిటార్‌తోనే గడిపిన నల్లజాతి మనిషి. నేను వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఉద్యోగిని. ఆయన పక్కన వాయించాలన్నది తప్ప నాకప్పుడు వేరే కోరిక లేదు.

చిన్నప్పుడు అమ్మ దగ్గర వీణ నేర్చుకున్నదాన్ని, తీగ లాగి స్వరాన్ని వంచడం నాకు కొత్త కాదు. అక్కడి పద్ధతే కొత్త. ఎవరి వంతు ఎప్పుడు మొదలో, ఎప్పుడు ఆపాలో పెద్దాయన తల ఊపి చెబుతాడు. మా ఇంట్లోనేమో రాగం ఎత్తుకుంటే కళ్ళు మూతపడాల్సిందే, ముగింపు వాయించేవాళ్ళ చిత్తం. మొదటిసారి వేదిక ఎక్కినరోజు అలాగే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన నా యాంప్లిఫయర్ సౌండ్ తగ్గిస్తున్నాడు. శాక్సఫోన్ అతను తన వంతు కోసం నిలబడి నిలబడి కూర్చుండిపోయాడు.

"వేళ్ళు బాగున్నాయి. కానీ ఇక్కడ నువ్వొక్కదానివే లేవు," అన్నాడు పెద్దాయన. తల కొట్టేసినట్టయింది.

కారులో మా ఆయనకు నవ్వు ఆగలేదు. "వారమంతా ఆఫీస్‌లో స్క్రీన్‌ని కళ్ళార్పకుండా చూస్తావ్. అక్కడ ఎదురుగా ఉన్న మనిషిని చూడవేంటే?"

"సరే, రేపట్నుంచి నువ్వే లీడర్‌వి. ప్రాక్టీస్ చేయించు," అన్నాను.

అంట్లు తోముతూ మా ఆయన తల ఊపేవాడు, నేను వాయించడం ఆపేదాన్ని. కావాలని ఊపకుండా ఏడిపించిన రోజులూ ఉన్నాయి. ప్రతి ఆదివారం వెళ్ళి గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పెద్దాయన చాన్నాళ్ళు నావైపు చూడలేదు. సిగ్గేసేది, కోపం వచ్చేది, అయినా పట్టు విడవలేదు. చివరికి ఒకరోజు వాళ్ళ గిటారిస్టు రాకపోతే నన్ను రమ్మన్నాడు. వాయించినంతసేపూ ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నా చోటు ఆయన పక్కనే.

కీళ్ళనొప్పులు ముదిరాక ఆయన బృందాన్ని నాకు అప్పగించి ఇంటికే పరిమితమయ్యాడు. తల ఊపే పని నాదైంది.

ఒక ఆదివారం కర్ర పట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని గిటార్ అందుకున్నాడు. వేళ్ళు సరిగా వంగడం లేదు, అయినా వాయించాడు. ఆయన వంతు అయిపోయింది. శాక్సఫోన్ అతను లేచి నావైపు చూశాడు.

పెద్దాయన కళ్ళు మూసుకుని ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. శాక్సఫోన్ అతన్ని కూర్చోమని సైగ చేసి, ఆయన వెనకే నేనూ వాయిస్తూ ఉండిపోయాను.