హమ్ అంటే నేనే

నా చిన్నప్పుడు మా వీధిలో హిందీ మాట్లాడేటప్పుడు 'నేను' అనడానికి 'మైఁ' అన్నవాళ్ళని నేను చూడలేదు. జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో పుట్టినవాళ్ళం, ఒక్కళ్ళమే ఉన్నా 'హమ్' అంటాం. పుస్తకాల్లో 'హమ్' అంటే మేము అని రాసి ఉంటుంది. ఉండనీండి. ఆ మాట దగ్గరే పదకొండో ఏట నాకు ఒక పెద్దమనిషితో తగువొచ్చింది.

మా తాతయ్య టాటానగర్ రైల్వే యార్డులో వ్యాగన్ల కింద దూరి చక్రాలు, బ్రేకులు చూసేవాడు. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో టార్చి. ఆ టార్చికి పక్కన జరిపే స్విచ్చి తుప్పుపట్టి ఆన్‌లోనే బిగుసుకుపోయింది. ఆర్పాలంటే వెనక మూత విప్పాల్సిందే. బడిలో ఎగ్జిబిషన్‌కి ఏదో ఒకటి చేసుకురమ్మన్నారు. ఆ వెనక మూతకే స్విచ్చి పెడతానన్నాను నేను.

తాతయ్య సరేనని నా ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ తువ్వాల్లో చుట్టేసుకున్నాడు. "నా సేతులు డూటీ దిగిపోనాయి. నీ సేతుల్తోటే సెయ్యి" అన్నాడు.

మేకుతో మూతకి కన్నం పొడిచాను. పాత కాలింగ్ బెల్లు బటన్ అందులో బిగించి, దాని తీగ ఒకటి లోపలి స్ప్రింగుకి, ఒకటి మూత రేకుకి చుట్టాను. బటన్ నొక్కకుండానే టార్చి వెలిగింది. నొక్కినా అంతే, వదిలినా అంతే. తాతయ్యకి కారణం తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఒళ్ళు మండిపోయేది. రెండు రోజులు బతిమాలినా ఆయన తువ్వాలు విప్పలేదు.

మూడో రోజు నాకే తట్టింది. స్ప్రింగు మూత రేకుని తాకుతోంది, మధ్యలో కరెంటు పారనిది ఏదైనా అడ్డం పెట్టాలి. ఎదురుగా కనపడ్డ హవాయి చెప్పు అందుకుని గుండ్రంగా ముక్క కోసేశాను. అది తాతయ్య కొత్త చెప్పు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి గానీ చేతులు బయటికి రాలేదు. ఆ తరవాత బొటనవేలితో నొక్కితే వెలిగింది, తీస్తే ఆరిపోయింది. ఇంటిల్లిపాదీ వచ్చి నొక్కి చూశారు.

ఎగ్జిబిషన్ నాడు బయటి ఊరి నించి వచ్చిన ఒక సారు మార్కులు వేస్తున్నాడు. ఇది ఎవరు చేశారని హిందీలో అడిగాడు. "హమ్ బనాయే హైఁ" అన్నాను. హమ్ అంటే ఎవరెవరని నవ్వాడు. హమ్, అని నా గుండె మీద చెయ్యి వేసి చూపించాను. ఆయన నా వెనక నిలబడ్డ తాతయ్యని, ఆ చొక్కా మీది గ్రీజు మరకల్నీ చూసి, పుస్తకంలో 'పెద్దల సాయంతో' అని రాసుకుని పక్క బల్లకి కదిలాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాతయ్య ఏమైనా అంటాడేమోనని చూశాను. ఆయన చేతులు అప్పటికే తువ్వాల్లో ఉన్నాయి. "నా కేసి ఏటలా సూత్తన్నావు? ఇప్పి సూపించు" అన్నాడు.

వెళ్ళి ఆ సారుకి అడ్డంగా నిలబడ్డాను. మూత ఊడదీసి బటన్, స్ప్రింగు, చెప్పు ముక్క అన్నీ ఆయన ముందు పోశాను. చెప్పు ముక్క లేకపోతే ఏమవుతుందో చూపించాను. ఆ రెండు రోజులూ ఊరికే పోలేదు మరి. మళ్ళీ అంతా బిగించి, బటన్ నొక్కి, వెలుగు తిన్నగా ఆయన పుస్తకం మీద వేసి, ఆ మాట కొట్టెయ్యండి అన్నాను. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆయన కొట్టేశాడు. ముందు 'మైఁ' అనడం నేర్చుకో అని కూడా అన్నాడు. "నహీఁ. హమ్" అన్నాను. బహుమతి రాలేదు.

మర్నాడు తాతయ్య ఆ టార్చితోనే డ్యూటీకి వెళ్ళాడు. ఎవరడిగినా మనవరాలు చేసిందనే చెప్పాడు. తనని కలుపుకుని ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు వెనక స్విచ్చి టార్చీలు ప్రతి కొట్లోనూ దొరుకుతున్నాయి. నా మనవరాలు ఏదైనా చేస్తానని ముందేసుకు కూర్చుంటే నేను చేతులు కొంగులో చుట్టేసుకుంటాను. అది తిట్టుకున్నా సరే. హిందీ వ్యాకరణం చదువుకున్న పిల్ల కదా, ఒక్కదానివే ఉండి హమ్ అంటావేం నానమ్మా అని నన్ను దిద్దబోతుంది. నేను దిద్దుకోను. హమ్ అంటే నేనే. అనుమానమున్నవాళ్ళు రండి, విప్పి చూపిస్తాను.