టాపెట్ చప్పుడు

నా బండి టాపెట్లు నేనే సెట్ చేసుకుంటాను. ఈ సంగతి తెలిసి మా స్టాఫ్ రూములో కొందరు మెచ్చుకుంటారు. లెక్కల మాస్టారు కదా, చేతి పనిలో కూడా లెక్క తప్పరు అంటారు. ఆ పని నేను బండి మీద ప్రేమతో నేర్చుకోలేదని వాళ్ళకు తెలియదు. ఒక మనిషి మీద కక్షతో నేర్చుకున్నాను. ఆ మనిషి నా భార్య తమ్ముడు.

వాడికి మా ఊరి సెంటర్లో, పత్తి మిల్లుకు వెళ్ళే దారి మొదట్లో మెకానిక్ షెడ్డు ఉంది. వాడికి చదువు అబ్బలేదు గానీ చెవి అబ్బింది. బండి ఇంకా మలుపులో ఉండగానే దాని రోగమేమిటో చెప్పేసేవాడు. పెళ్ళైన కొత్తలో నాకది ముచ్చటగా ఉండేది. పోనుపోను ఒళ్ళు మండటం మొదలైంది. నేను ఏళ్ళ తరబడి ఈ ఊరి పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, ఒక్కడూ నన్ను పిలిచి సలహా అడగడు. వీడి షెడ్డు ముందు మాత్రం పొద్దున్నుంచీ జనం. ఈర్ష్యే అది. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

మూడేళ్ళ కిందట, కల్లాల్లో మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో, వాడి చేత టాపెట్లు సెట్ చేయించాను. రెండు నెలలు తిరక్కుండానే మార్టూరు పోతుండగా దారిలో బండి లాగడం మానేసింది. కాసేపు మూలిగి ఆగిపోయింది. రాళ్ళ లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే, నెత్తిన తెల్లటి దుమ్ముతో, మిట్టమధ్యాహ్నం బండిని తోసుకుంటూ నడిచాను. టీ బంకు దగ్గర ఎవడో మా ఊరివాడే గుర్తుపట్టాడు.

“ఏం మాస్టారూ, బండి మీద మీరెళ్ళాలి గానీ, మీ మీద బండి ఎళ్తందేంటి?” అన్నాడు. పక్కనున్న వాళ్ళు నవ్వారు.

మార్టూరులో మెకానిక్ ఇంజను విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. “టాపెట్లు ఎవరు పెట్టారు సార్? అసలు సందే వదల్లేదు. వాల్వు కాలిపోయింది.”

వాల్వు తెరుచుకుని మూసుకోవాలంటే దాని తలకూ, దాన్ని నొక్కే ఇనుప చేతికీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఇంజను వేడెక్కితే ఇనుము సాగుతుంది. సందు లేకపోతే సాగిన వాల్వు సరిగ్గా మూసుకోదు, మంట ఆ చీలిక లోంచి పోయి వాల్వు అంచును తినేస్తుంది. ఆ సందు సరిచేయడాన్నే టాపెట్ సెట్టింగ్ అంటారు. అంతకు మించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

బండి బాగై ఇంటికి రాగానే నేను నేరుగా షెడ్డుకు వెళ్ళాను. ఆరేడుగురు ఉన్నారక్కడ. బండి దిగకుండానే మొదలుపెట్టాను.

“నువ్వు మెకానిక్కువేంట్రా? నా బండి వాల్వు కాల్చి పెట్టావు. సందు వదలాలన్న ఇంగితం కూడా లేదు. నిన్ను నమ్మి బండ్లిచ్చే వాళ్ళననాలి.”

వాడు చేతిలో స్పానర్ కింద పెట్టాడు. “బావా, లోపలికి రా. కూర్చుని మాట్లాడుకుందాం” అన్నాడు.

“నీతో నాకు మాటలేంటి? ఇంకోసారి నా గుమ్మం ఎక్కావంటే మర్యాదుండదు.”

వాడు గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ నా వంక చూస్తూ నిలబడ్డాడు. వారం తిరక్కుండా సెంటర్లో వాడికి పేరు పడింది, ‘కాలిన వాల్వు’ అని. మా ఊళ్ళో ఎవడికైనా ఒకసారి పేరు పడిందంటే పోయాక దినం కార్డు మీద కూడా ఆ పేరే వేస్తారు. మాస్టారు ఊరికే అనరు గదా, అనుకున్నారు జనం. నిజం చెప్పొద్దూ, నాకు తృప్తిగానే ఉండింది.

అప్పటినుంచి నా బండి మీద ఇంకెవడి చెయ్యీ పడనివ్వకూడదని పట్టుబట్టాను. గుంటూరు వెళ్ళి సందు కొలిచే సన్నటి రేకుల గేజీ తెచ్చుకున్నాను. ఎవరిదో మాన్యువల్ జిరాక్స్ తీయించాను. బండి రాత్రంతా చల్లారాలి గనక ఆదివారాలు తెల్లవారుజామునే లేచి వసారాలో కూర్చునేవాణ్ణి. టాపెట్ల మూతలు విప్పడం, ఇంజను పక్కనున్న చిన్న కిటికీలాంటి కంతలోంచి గుర్తు కనపడేదాకా ఇంజనును తిప్పడం, నట్టు వదులు చేసి మర తిప్పడం, రేకు పట్టీ పట్టనట్టు జారుతోందా చూడటం. ప్రతి మరకూ వాణ్ణి ఒక తిట్టు తిట్టేవాణ్ణి. పని కుదిరితే వాడి కంటే నేనే నయమనుకునేవాణ్ణి, కుదరకపోతే వాడి వల్లే నాకీ ఖర్మ అనుకునేవాణ్ణి.

మొదటిసారి చేసిన రోజు బాగా గుర్తుంది. నా భార్య వసారా అవతలి కొసన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నుదుటి చెమట కంట్లోకి కారుతుంటే, చేతులకు ఆయిలు ఉందని, పక్కనున్న గుడ్డ తీసి మొహం అద్దుకున్నాను. అది ఆవిడ కాయల మీద కప్పిన గుడ్డ. రెండు కళ్ళూ భగ్గుమన్నాయి. మిరప దేశంలో పుట్టి, గుడ్డ దులపకుండా మొహానికి పెట్టుకున్న మొనగాణ్ణి నేనే. కళ్ళు మూసుకుని గెంతుతూ, గుడ్డ ఇక్కడెందుకు పెట్టావని ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది. నవ్వలేదు. ఒకప్పుడైతే నవ్వేది. తమ్ముడి గొడవ తర్వాత ఆవిడ నాతో కావలసిన మాట తప్ప ఇంకో మాట ఎత్తడం మానేసింది. వాణ్ణి చూడాలంటే వాళ్ళ అమ్మ ఇంటికి వెళ్ళి చూసి వచ్చేది.

అలా మూడేళ్ళు గడిచాయి. ఈ ఏడు మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. మేనమామ బట్టలు పెట్టాలి. మా అమ్మాయికి ఉన్నది ఒక్కడే మేనమామ.

ఫంక్షన్ ఇంకా వారం ఉందనగా ఆదివారం పొద్దున టాపెట్లు చూసుకుంటున్నాను. నా భార్య వచ్చి మెట్టు మీద కూర్చుంది.

“బట్టలు పెట్టడానికి వాణ్ణి పిలవాలి” అంది.

“మీ పెదనాన్న కొడుకున్నాడుగా. అతను పెడతాడు.”

“సొంత మేనమామ బతికుండగా వేరే వాళ్ళు పెడితే ఊరంతా ఏమనుకుంటారు?”

నేను నట్టు బిగించి, మూతలు పెట్టి, కిక్కు కొట్టాను. ఇంజను అందుకుంది. టిక్కు టిక్కుమని సన్నగా చప్పుడు వస్తోంది.

“ఆ చప్పుడేంటి?” అంది.

“టాపెట్ చప్పుడు. ఆ మాత్రం ఉండాలి. ఉంటేనే వాల్వు బతుకుతుంది” అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

ఆవిడ లేచి నిలబడింది. “ఆ రోజు వాడూ ఇదే మాట అన్నాడు గదండీ.”

నేను బండి ఆపేశాను.

వాడి చేత టాపెట్లు పెట్టించిన రోజు ఆవిడా నాతోనే షెడ్డుకు వచ్చింది. బెంచీ మీద కూర్చుని అంతా విన్నది. అంతకు ముందు రోజు స్టాఫ్ రూములో ఎవరో నా బండి వస్తుంటే ‘కుట్టుమిషను వస్తోంది’ అన్నారు. అది మనసులో పెట్టుకుని వెళ్ళాను. వాడు సెట్ చేశాడు, నేను కిక్కు కొట్టి, ఇంకా చప్పుడొస్తోందిరా అన్నాను. మళ్ళీ చేశాడు. మళ్ళీ అన్నాను. “బావా, ఈ మాత్రం సందుండాలి, బిగిస్తే కాలిపోద్ది” అన్నాడు. “నాకు పాఠాలు చెప్పకు. చప్పుడు వినపడకూడదు, అంతే” అన్నాను. మూడోసారి బిగించి “నీ ఇష్టం” అని స్పానర్ పక్కన పడేశాడు. బండి వెన్నలా నడిచింది. నేను ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను.

నాకిది గుర్తులేక కాదు. మార్టూరులో ఆ మెకానిక్ సందు వదల్లేదన్న క్షణంలోనే గుర్తొచ్చింది. అందుకే షెడ్డు దగ్గర బండి దిగలేదు, వాడు లోపలికి రమ్మంటే వెళ్ళలేదు. లోపలికి వెళితే వాడు నిజం చెబుతాడని భయం. ఆరేడుగురి ముందు వాడు నా పరువు నిలబెట్టి ఊరుకున్నాడు, నేను వాడిది తీసేశాను.

“వాణ్ణి పిలుస్తాను” అంది నా భార్య. “వాడు వస్తాడు. వచ్చినప్పుడు ఆ మాట మీరు చెప్పాలి. అప్పుడు తిట్టింది నలుగురిలో గదా, ఇప్పుడూ నలుగురిలోనే చెప్పండి.”

“చూద్దాంలే” అన్నాను.

ఆవిడ ఒక్కతే వెళ్ళి బొట్టు పెట్టి పిలిచి వచ్చింది. ఫంక్షన్ రోజు వాడు వాళ్ళావిడతో వచ్చాడు. పళ్ళెంలో పట్టు ఓణీ, గాజులు, పూలు. మేనకోడల్ని పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టి, తల మీద అక్షింతలు వేశాడు. నా వైపు చూడలేదు. మా అమ్మాయి లేచి కాళ్ళకు దణ్ణం పెడితే వాడి కళ్ళు తడిశాయి.

బంతి భోజనాలు మొదలయ్యాయి. షెడ్డు దగ్గర ఆనాడు ఉన్న వాళ్ళలో నలుగురు మొదటి వరసలోనే కూర్చున్నారు. నేను బూరెల పళ్ళెం పట్టుకుని వడ్డిస్తున్నాను. వాడు చెప్పుల కోసం గుమ్మం వైపు నడవడం చూసి నా భార్య ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

“తినకుండా ఎళ్తావేంట్రా?”

“పిల్లకి బట్టలు పెట్టాలి గాబట్టి వచ్చానక్కా. ఈ ఇంట్లో నేను అన్నం తినాలంటే బావ నోరు తెరవాల” అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ మొదటి వరస దాకా వినిపించింది. తింటున్న చేతులు ఆగాయి.

నా భార్య నా వంక తిరిగింది. ఆవిడ మొహంలో కోపం లేదు, మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఏదో అడుగుతున్నట్టుగా ఉంది. ఒక్క ముక్క మాట. బిగించమన్నది నేనే. అంతే చెప్పాలి.

నోరు తెరిచాను.

“బూరెలు ఇంకెవరికి కావాలండీ?” అన్నాను.

వాడు అక్క చెయ్యి విడిపించుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.