మామ చెప్పే జైలు కథ

తిరుత్తణిలో ఉండే మా పెద్ద మేనమామ ఏ కథ మొదలుపెట్టినా మోకాలి మీద చరుచుకుని, "మా నాయన కండ్లారా చూసినాడు" అనేవాడు. ఆ నాయన, అంటే జైలు వార్డరుగా పనిచేసిన మా తాత, చూసింది ఒక గొప్ప దేశనాయకుణ్ణి. క్షమాపణ రాసిమ్మని తెల్లదొర ఇచ్చిన కాగితాన్ని ఆ నాయకుడు మడిచి, మంచం ఊగకుండా దాని కోడు కింద పెట్టాడట.

మా ఇంట్లో అందరివీ తమిళ చదువులే. తెలుగు చదవడం నేను సొంతంగా నేర్చుకున్నాను. మామ బీరువాలో దొరికిన పాత తెలుగు నవలలో కథానాయకుడూ అదే పని చేశాడు. డైరీలో నిలువుగా గీత గీసి మామ చెప్పే నాయకుడి జీవితం, నవలలో వాడి జీవితం పక్కపక్కన రాసి చూశాను. పాముకాటు, చెల్లెలి పెళ్లి కూడా కలిశాయి. మామ మమ్మల్ని మోసం చేస్తున్నాడని తేల్చుకున్నాను.

తిరువళ్లూరు బడిలో మా చెల్లి ఆ కథే నిజమని ప్రసంగించబోతోంది. అందుకే ధైర్యం తెచ్చుకుని మామ ముందు నవల పెట్టాను.

"ఇది తాత చూసిందా, నువ్వు చదివిందా మామా?"

"ఏం పాపా, పోలీసు మాదిరి అడగతావు? నేను యాడ చదివేది? మీ మాదిరే నాకూ తమిళమే గదా. ఈ పుస్తకం మా నాయనది, తెలుగు చదివేది ఆయనొక్కడే. ఏముందో చదువు."

చదివాను. నేను వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం ఆయనే, అక్షరం పొల్లుపోకుండా చెప్పేశాడు. "మా నాయన చెప్పిన మాటలే ఇవి" అని పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మూసేశాడు.

"చెల్లికి వేరే కథ రాసియ్యి పాపా" అన్నాడు.