ఫైటింగు వచ్చినప్పుడల్లా రాలిన సున్నం

మా బావకి సినిమా చూడటంతో సగం పనే అవుతుంది. మిగతా సగం, చూసొచ్చాక దాని గురించి తగువు పడటం. ఆమదాలవలసలో ఆయనది ధాన్యం వ్యాపారం. పొద్దుటి నుంచి రైతులతోనూ మిల్లు వాళ్లతోనూ అరిచి గొంతు బొంగురుపోయినా, కొత్త సినిమా మాటెత్తితే మళ్లీ ఎక్కడలేని హుషారూ వస్తుంది. నేను శ్రీకాకుళంలో బడిపిల్లలకి తెలుగు చెబుతాను కాబట్టి మంచిచెడ్డలు బేరీజు వేయడం నాకు వచ్చునని ఆయన నమ్మకం. "మరదలా, బాగున్నదేటో సెప్పు, బాగోలేందేటో సెప్పు. ఊరికే బాగుంది అంటే నానొప్పుకోను" అంటాడు. అక్కకి ఈ గోల పట్టదు. ఇంటిపని వదిలి కాసేపు కాళ్లు చాపుకుని కూర్చోడానికే ఆమె సినిమాకి వస్తుంది.

కొన్నేళ్ల కిందట, ముసురు వదలని రోజుల్లో, శక్తులున్న వీరులందర్నీ ఒకే కథలోకి తెచ్చిన పెద్ద సినిమా ఒకటి వచ్చింది. డబ్బింగ్ బొమ్మ. అంతకుముందు ఆ వీరుల్లో ఒక్కొక్కరికీ వేరేగా ఒక్కో సినిమా ఉంది. బావ అవన్నీ చూశాడు. నేను కొన్ని చూశాను. అక్క ఒక్కటీ చూడలేదు. ఆదివారం మ్యాట్నీకి ముగ్గురం బయల్దేరాం.

ఆ హాలు పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా. పైన రేకుల కప్పు, దాని కింద అట్టలతో సీలింగు, దాని మీద ఎప్పుడో వేసిన సున్నం. ఈ సినిమా కోసం కొత్త సౌండ్ బాక్సులు పెట్టించామని గేటు నిండా పోస్టర్లు అంటించారు. లోపలికి అడుగు పెట్టగానే తడిసిన గోనెసంచుల వాసన వచ్చింది. గోడలు నెమ్మెక్కి, ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. ఎడమవైపు తలుపు దగ్గర విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అవి అక్కడెందుకున్నాయో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కొత్త సినిమా, సగానికి పైగా నిండిన హాలు, అందరం మంచి సీటు కోసమే చూస్తున్నాం.

మొదటి అరగంట నాకు నిజంగా నచ్చింది. శత్రువు నేల కిందనుంచి వస్తాడు. కానీ వాణ్ణి చూపించరు. ఒక ఇంట్లో గ్లాసులో నీళ్లు వణుకుతాయి. ఒక ఊళ్లో కుక్కలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడతాయి. ఒక ముసలాయన చెప్పులు విడిచి, నేల మీద అరికాలు ఆనించి, ఇంట్లో వాళ్లని బయటికి రమ్మంటాడు. భయం అంటే అలా చూపించాలి అనుకున్నాను. ఆ తర్వాత వీరులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకరు వచ్చి ముఖం గుర్తుపట్టేలోగా ఇంకొకరు. ప్రతివాడికీ ఒక ఈల, ఒక ఫైటింగు, ఒక డైలాగు. అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"ఒసే, ఇంతమంది ఎందుకే? ఈడెవడు, ఇందాక సచ్చిపోయినోడేనా?"

"కాదక్కా, వాడు వేరు."

"అందరికీ ఒకలాటి బట్టలేసి పంపించినారు. ఎలా తెలస్తాది?"

బావ నోటి మీద వేలు పెట్టుకున్నాడు. మొదటి పెద్ద ఫైటింగు వచ్చింది. కొత్త బాక్సులు మోగితే కుర్చీ చెక్క నా వెన్నుకి కొట్టుకుంది. జనం ఈలలు వేశారు. ఆ ఫైటింగు అయ్యాక అక్క తల తడుముకుంది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"సున్నం" అంది.

నేను పట్టించుకోలేదు. రెండో ఫైటింగు వచ్చింది. ఈసారి నా చీర కుచ్చిళ్ల మీద తెల్లగా పడింది. ప్రొజెక్టరు వెలుగులో పొడి దిగుతోంది. తెర మీద ఒక వంతెన కూలుతుంటే ఆ దుమ్మూ ఈ దుమ్మూ కలిసిపోయాయి. ఎవరికీ అనుమానం రాలేదు. వెనకాల ఎవరో కుర్రవాళ్లు, త్రీడీలో చూస్తున్నట్టుందని మెచ్చుకున్నారు. ఫైటింగు ఆగాక పొడి ఆగింది. మళ్లీ మొదలవగానే మళ్లీ రాలింది. అప్పటి నుంచి నేను సినిమా సరిగ్గా చూడలేదు. శబ్దం పెరిగిన ప్రతిసారీ పైకి చూశాను. అక్కడ చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

ఇంటర్వెల్లో లైట్లు వేశారు. సీలింగు మధ్యలో గోధుమరంగు మరక, అంచులు నల్లబడి, మూడు నాలుగు వరసల మీదుగా పాకి ఉంది. అక్క నన్ను వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లింది. ఆయన సమోసాల కౌంటరు పక్కన ఫోన్ చూసుకుంటున్నాడు.

"బాబూ, పైనుంచి సున్నం రాలతన్నాది. ఓపాలి సూడండి."

"ముసురు కదమ్మా. ప్రతి ఏడూ ఉన్నదే. వాన తగ్గితే రంగులేయించేస్తాం."

"నీళ్లు పైన నిలబడిపోనాయేమో."

"ఏటీ అవదమ్మా. బెల్లు కొట్టీసినారు, వెళ్లి కూకోండి."

బావకి చెబితే నవ్వాడు. "నీకు బొమ్మ అర్థం అవక సీలింగు సూస్తన్నావు" అన్నాడు. అక్క మాత్రం లోపలికి వెళ్లాక మా సీట్లలో కూర్చోలేదు. కుడివైపు తలుపు పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలు చూసుకుని చివరన కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. బావ మధ్యలోనే ఉండిపోయాడు.

రెండో సగంలో ఒక సీను వచ్చింది. ఆ సినిమాలో అదే అన్నిటికన్నా గొప్ప సీను అని ఇప్పటికీ అంటాను. ఒక వీరుడు చనిపోతాడు. మిగిలినవాళ్లు ఒక పాడుబడిన ఇంట్లో వంటగదిలో కూర్చుంటారు. ఎవరూ మాట్లాడరు. వాళ్లలో ఒకమ్మాయి గిన్నెలో మిగిలిన అన్నం తీసి అందరికీ పెడుతుంది. ఒకడు తినకుండా లేచిపోతాడు. తప్పు నీదంటే నీదని మెల్లగా మొదలవుతుంది. సంగీతం లేదు. హాలంతా నిశ్శబ్దం. అంతమందిని పోగేసినందుకు ఆ ఒక్క చోటే ఫలం దక్కింది.

ఆ నిశ్శబ్దంలో పైన చప్పుడు వినబడింది. వేరుశనగ కాయలు ఒలుస్తున్నట్టు చిన్నగా, ఆగి ఆగి. జనం అది సినిమాలోదే అనుకున్నారు. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఇది బొమ్మలో సప్పుడు కాదే" అంది.

లేచి, వరసల మధ్య దారిలో నడిచి, బావ కూర్చున్న వరస ముందు తెరకి అడ్డంగా నిలబడింది. వెనకవాళ్లు కసిరారు. కూర్చోమన్నారు. బావ సిగ్గుతో తల దించుకున్నాడు.

"మావా, లెగు."

"నీకేటైనాదే? కూకో ముందు."

"నువ్వు లెగిస్తేనే నాను ఇక్కడినించి కదుల్తాను. నువ్వు లెగవకపోతే ఇలాగే నిలబడతాను. ఆ ఫోను లైటు ఏసి పైకి సూడు."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే అనుకుంటాను, బావ ఫోన్ తీశాడు. ఆ వెలుతురు పైకి వెళ్లగానే పక్కవాళ్లూ చూశారు. ఇంకో నలుగురైదుగురు లైట్లు వేశారు. సీలింగు తడిబట్టలో కట్టిన మూటలాగా కిందకి దిగి ఉంది. దాని చివర నుంచి నీటిచుక్క ఒకటి పడింది. వెంటనే ఇంకొకటి.

కుర్చీలు ఒక్కసారిగా చప్పుడు చేశాయి. నేను తలుపు తోసి బార్లా పట్టుకున్నాను. టికెట్లు చింపే ఆయన పరుగున వచ్చి, సంగతి చూసి, ఆపరేటరు గదికి మేడ మెట్లెక్కాడు. ఎడమవైపు వెళ్లినవాళ్లు కుర్చీల గుట్ట చూసి వెనక్కి తిరిగారు. వాళ్లంతా మా తలుపు వైపే రావడంతో తోపులాట మొదలైంది. అక్క గోడకి ఆనుకుని, "మెల్లగా, మెల్లగా, పిల్లల్ని సూసుకోండి" అంటూనే ఉంది. తెర మీద వంటగది సీను అయిపోయింది. ఆఖరి యుద్ధం మొదలైంది. నేల చీలింది. కొత్త బాక్సులు ఒక్కసారిగా మోగాయి. తలుపు పట్టుకున్న నా అరచేతిలో ఆ మోత తెలుస్తోంది.

హాలు దాదాపు ఖాళీ అయ్యింది. బావ రాలేదు. లోపలికి తొంగి చూస్తే, ముందు వరసల్లో ఒక ముసలి జంట ఇంకా కూర్చునే ఉన్నారు. ఆయనకి చెవుడు, ఆమెకి మోకాళ్లు వంగవు. బావ ఆమెని బియ్యం బస్తా ఎత్తినట్టు భుజాన వేసుకుని, ఆయన్ని చొక్కా పట్టుకుని లాక్కొస్తున్నాడు. అక్క పిలవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. వాళ్లు తలుపు దగ్గరికి వస్తుండగా నడిమి సీలింగు ఊడి పడింది. నీళ్లు, అట్టలు, కర్రలు, పాత పిట్టగూళ్లు అన్నీ కలిసి పడ్డాయి. ఒక దూలం బావ భుజానికి తగిలింది. గోడమీది సౌండ్ బాక్సు ఒకటి వైరు తెగి ఆయన ఎడమపక్కనే పడి, పడ్డాక కూడా ఇంకా మోగింది. ఆ దుమ్ములోంచి ముగ్గురూ బయటపడ్డారు. తెర మాత్రం వెలుగుతూనే ఉంది. ఖాళీ కుర్చీల ముందు వీరులందరూ వరసగా నిలబడి, నగరాన్ని కాపాడతామని ప్రమాణం చేస్తున్నారు. అప్పుడు కరెంటు తీసేశారు.

ప్రాణాలు పోలేదు. దెబ్బలు తగిలినవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లారు. బావ భుజం ఎముక విరిగింది. వరండాలో తడుస్తూ కూర్చున్న మేనేజరు అక్కని చూసి లేచి నిలబడ్డాడు. "ఇంటికెల్లిపో బాబూ, మీవోలు కంగారు పడతారు" అంది అక్క. ఆ హాలుకి తాళం వేశారు. తర్వాత కొట్టేశారు.

సినిమా ఆఖరు మేం చాలా నెలల తర్వాత టీవీలో చూశాం. బావ పక్కమీద దిండ్లకి ఆనుకుని, ఎప్పటిలాగే అడిగాడు.

"ఇప్పుడు సెప్పు మరదలా."

చెప్పాను. కనబడని శత్రువు బాగున్నాడని, వాణ్ణి చూపించేశాక మామూలు రాక్షసుడైపోయాడని చెప్పాను. వంటగది సీను కోసం ఆ సినిమాని రెండోసారైనా చూడొచ్చన్నాను. వీరులు ఎక్కువై, ఎవరికోసమూ ఏడవడానికి తీరిక లేకుండా పోయిందన్నాను. ఆఖరి యుద్ధంలో నగరం మొత్తం కూలుతుంది, వేలమంది పరిగెడతారు, కానీ ఒక్క ముఖమూ దగ్గరగా చూపించరు, అది నాకు మింగుడుపడలేదన్నాను. మామూలు రోజుల్లో అయితే బావ ఒప్పుకునేవాడు కాదు. గంటసేపు వాదించేవాడు. ఆ రోజు తల ఊపి ఊరుకున్నాడు. నేను చెప్పింది ఆయనకి సగమే వినబడిందని తర్వాత అక్క చెప్పింది.

భుజం కుదిరింది. ఎడమ చెవి కుదరలేదు. అందులో ఎప్పుడూ ఏదో మోత ఉంటుందట, దూరాన లారీ వస్తున్నట్టు. డాక్టర్లు మందులు మార్చారు. వానాకాలంలో అది పెరుగుతుంది. అన్నం తింటూ మధ్యలో చెయ్యి ఆపి, "ఏటైనా వస్తన్నాదా?" అని అడుగుతాడు. ఏమీ రావడం లేదని అక్క ప్రతిసారీ చెబుతుంది. అయినా ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని ఉంటాడు. మేం కూడా మాటలాపి, బయట చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదని నమ్మకం కుదిరేదాకా వింటూ కూర్చుంటాం.