మా బావ ఎడమకాలి మీద మోపిన నేరం

మా బావ పరుపులు కుడతాడు. మా పేటలో సగం మంది ఆయన కుట్టిన పరుపుల మీదే గురక పెడుతున్నారు. కొందరు పెద్దవాళ్లు వాటి మీదే ప్రశాంతంగా కన్నుమూసి, దుకాణానికి మరింత మంచిపేరు తెచ్చిపెట్టారు. అలాంటి మనిషికి నడుం నొప్పి వచ్చింది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందని సామెత. కుడితిలో పడ్డ బల్లి అవస్థను నేను దగ్గరుండి చూశాను. అప్పట్నుంచీ ఆ సామెత చెప్పి నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

అక్కావాళ్లకు ఇల్లూ దుకాణం ఒకటే. ముందు గదిలో దూది బేళ్లు, వెనక గదిలో దూది ఏకే యంత్రం, మధ్య గదిలో నేల మీద పరిచిన పరుపు గలేబు, దాని మీద గొంతుక్కూర్చుని దబ్బనంతో టాకాలు వేస్తూ మా బావ. ఆ ఇంట్లో టీ గ్లాసు చేతికొస్తే పైన తేలేది నురగో దూదో చెప్పలేం. పెళ్లయిన కొత్తలో అక్క ఊదుకుని తాగేది. ఇప్పుడు ఊదడం కూడా మానేసింది.

బావకు వృత్తిలో ఒక నియమం ఉంది. కుట్టడం పూర్తయిన పరుపు మీద ఒక రాత్రి తాను పడుకుని చూడందే దాన్ని గడప దాటనివ్వడు. "చేత్తో నొక్కి చూసేవాడు వ్యాపారి, ఒళ్లు వాల్చి చూసేవాడు పనివాడు" అని వాళ్ల నాన్నగారు అనేవారట. పెద్ద బజారులో యంత్రాల మీద కుట్టిన పరుపులు గుట్టలుగా పడి ఉన్నా జనం ఇంకా మా బావ దగ్గరికి వస్తున్నారంటే ఈ మాట కోసమే వస్తున్నారు. ఆయన వంగి దబ్బనం పట్టలేని రోజున ఆ దుకాణానికి తాళం పడుతుంది. ఈ సంగతి మాకందరికీ తెలుసు, ఆయనకు మరీ బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం జోడు పరుపు తిరగేస్తుండగా ఆయన నడుం పట్టేసింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే దిండ్లు పురమాయించడానికి ఒక హెడ్మిస్ట్రెస్ గారు లోపలికి వచ్చారు.

"అయ్యో, నాకింత మర్యాద ఎందుకండీ, లేవండి" అన్నారావిడ.

పరుపులు కుట్టేవాడికి నడుం నొప్పని తెలిస్తే పరువు పోదా? "దబ్బనం పడిందమ్మా, వెతుకుతున్నాను" అన్నాడు బావ. దబ్బనం జానెడు పొడుగుంటుంది. ఆ తల్లి కూడా పాపం వంగి బేళ్ల సందుల్లో వెతకడం మొదలుపెట్టింది.

మాత్రలు మింగాడు. పూతమందులు పూశాం. ఎదుటి మందుల షాపాయన ఇలా లాభం లేదన్నాడు. "కైరోప్రాక్టరని ఎముకలు సర్దే డాక్టరొకాయన వచ్చాడు. మందుల్లేవు, మాకుల్లేవు, అంతా చేతులతోనే. ఒకసారి వెళ్లండి." మందులమ్ముకునేవాడు మందుల్లేని చోటికి పంపుతున్నాడంటే మాటలో నిజం ఉండి తీరాలని నేను నమ్మాను. ఆయన తమ్ముడు అక్కడ రిసెప్షన్‌లో కూర్చుంటాడని తర్వాత తెలిసింది.

క్లినిక్ మాత్రం బహు శుభ్రంగా ఉంది. గాజు తలుపు, తెల్లటి గోడలు, మూలన ఇనుప కడ్డీకి వేలాడుతున్న ప్లాస్టిక్ వెన్నెముక. బావ దాని వంక అనుమానంగా చూశాడు.

"ఈయన కూడా మనలాగే నడుచుకుంటూ వచ్చుంటాడా?"

"ఊరుకో బావా."

డాక్టరు కుర్రవాడు, నవ్వుముఖం. బావను బల్ల మీద బోర్లా పడుకోమన్నాడు. బావ ముందు ఆ బల్ల మెత్తను బొటనవేలితో నొక్కి, "చెక్క మీద స్పాంజీ" అని నా చెవిలో తీర్పు చెప్పి, ఆ తర్వాతే పడుకున్నాడు. డాక్టరు వెన్ను మీద వేళ్లు నడిపించాడు, పక్కకి తిప్పాడు, ఒక మోకాలు మడిచాడు, భుజం అటూ నడుం ఇటూ పట్టి ఒక్క ఊపు ఊపాడు. ఎండుపుల్ల విరిగినట్టు టక్కుమంది. మా అక్క బతుకేం కానని నేను లేచి నిలబడ్డాను.

కానీ ధర్మం ధర్మమే. బావ బల్ల దిగి నిటారుగా నిలబడ్డాడు. నా కారు దాకా చేతులూపుకుంటూ నడిచాడు. "చెయ్యి మంచిది రా. పనివాడి చెయ్యి" అన్నాడు. ఆ రాత్రి మాకందరికీ పండగే.

రెండ్రోజులకు నడుం మళ్లీ పట్టేసింది. మళ్లీ వెళ్లాం, మళ్లీ టక్కుమంది, మళ్లీ నిటారు, మళ్లీ వంకర. ఇలా కొన్నాళ్లు జరిగాక డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్మును దీపం ముందు పెట్టి, దాని మీద గీతలు గీసి, అసలు ముద్దాయిని పట్టుకున్నట్టు ప్రకటించారు.

"మీ ఎడమకాలు పొట్టి. అందుకే వెన్ను ఒరిగిపోతోంది. చెప్పులో ఒక మెత్త పెట్టుకోవాలి."

అంతవరకూ ఆ కాలు ఎవరి జోలికీ పోలేదు. సైకిలు తొక్కింది, బేళ్లు మోసింది, పెళ్లిలో కుడికాలితో సమానంగా నడిచింది. దాని వాదన వినకుండా, సాక్షుల్ని పిలవకుండా, నిలబెట్టి శిక్ష వేసేశారు.

ఇంటికొచ్చి ఈ వార్త చెప్పగానే బావ వాళ్లమ్మ, నాకు అత్తయ్య, చేతిలో పని పక్కన పెట్టింది.

"ఎవడు రా అన్నది?"

"డాక్టరమ్మా."

"నేను కన్నప్పుడు రెండూ సమానంగానే ఉన్నాయి. తర్వాత ఏం చేసుకున్నావో నువ్వు చెప్పుకో."

"నేనేం చేసుకుంటానే? కాలేమన్నా పెన్సిలా, చెక్కుకోడానికి?"

అక్క గుడ్డలు కొలిచే టేపు తెచ్చింది. బావను గలేబు మీద వెల్లకిలా పడుకోబెట్టి నడుం ఎముక నుంచి మడమ దాకా కొలిచాం. మొదటిసారి ఎడమ పొట్టి. రెండోసారి కుడి పొట్టి. మూడోసారి బావకు చక్కిలిగింతలు పుట్టి రెండూ పొట్టివయ్యాయి. ఆ ఊపులో అక్క తన కాళ్లూ కొలిపించుకుంది, నా కాళ్లూ కొలిచింది. ఇంట్లో సమానమైన కాళ్లున్న మనిషి ఒక్కరూ తేలలేదు.

"అయితే ఊరంతా కుంటివాళ్లేనా? మరి నడుం నొప్పి వీడొక్కడికేనా?" అంది అత్తయ్య.

బావ మాత్రం మెత్త పెట్టుకున్నాడు. నొప్పి ఉన్నవాడికి ఆశ కూడా ఉంటుంది. నడుం నొప్పి తగ్గలేదు సరికదా, మడమ కూడా నొప్పెట్టసాగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, తర్వాతి వారం డాక్టరు గారు ఇంకో మాట అన్నారు.

"ఇంట్లో ఎలాంటి పరుపు మీద పడుకుంటారు?"

"దూది పరుపండీ."

"అదీ సంగతి! ముందు దాన్ని పారేయండి. దూది ముద్దలు కడుతుంది, వెన్నుకు శత్రువు. మా పక్కగదిలో వెన్ను కోసం ప్రత్యేకంగా చేసిన పరుపులున్నాయి, వెళ్తూ చూసి వెళ్లండి."

నేను బావ ముఖంలోకి చూడలేకపోయాను. ఇన్నాళ్లుగా ఈయన్ని మడిచి, తిప్పి, విరిచి, గీతలు గీసినవాడు, బతుకుతెరువు కోసం ఏం చేస్తారని ఒక్కసారైనా అడగలేదు. కాగితం మీద 'స్వంత వ్యాపారం' అని రాసుకున్నారు, అంతే. బావ కూడా చెప్పలేదు. వంటవాడు తనకు అజీర్తి చేసిందని ఏ నోటితో చెప్పుకుంటాడు?

కారులో కూర్చున్నాక ఆయన బద్దలయ్యాడు.

"దూది ముద్ద కడుతుందట! ఎవడు కుడితే కడుతుంది? టాకా దూరం వేసినవాడు కుడితే కడుతుంది. నా పరుపు మీద చెయ్యేశాడా? కనీసం గిల్లి చూశాడా? చూడకుండా పారేయమంటాడా?"

"పోనీలే బావా."

"ఏం పోనీలే? నా కాలినన్నాడు, పడ్డాను. నా పరుపునంటే పడాలా?"

అప్పుడాయన నడుం నిటారుగానే ఉంది. కోపం మంచి వైద్యమే కానీ రోజూ వాడలేం.

ఇకమీదట ఆ గడప తొక్కనన్నాడు. కానీ మూడు రోజులకు లేవలేక, మధ్య గదిలో సగం కుట్టిన పరుపును, తన చేతిలోని దబ్బనాన్ని మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. చూడలేక అక్క బయల్దేరమంది. ఈసారి అక్కా అత్తయ్యా కూడా కారెక్కారు. అత్తయ్య మెత్త ఉన్న చెప్పును చేతిలో పట్టుకుని కూర్చుంది. ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

క్లినిక్‌లో ఆవిడ చెప్పును డాక్టరు గారి బల్ల మీద పెట్టింది.

"బాబూ, వీడు పరుపులు కుడతాడు. వాళ్ల నాన్నా కుట్టాడు. నువ్వు ఏ పరుపును పారేయమన్నావో అది వీడు కుట్టిందే. వీణ్ణి బాగుచేస్తే చెయ్యి, లేదా చేతకాదని చెప్పు. కాలిని, పరుపుని మాత్రం అనకు."

ఆ కుర్రవాడు బిత్తరపోయాడు. కానీ మొండివాడు కాడు. చెప్పును మర్యాదగా కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటిసారి మనిషిని చూసినట్టు బావను చూశాడు.

"క్షమించండి, నేను ముందే అడగాల్సింది. మీరు రోజూ పడుకునే పరుపు ఎన్నేళ్ల నాటిది?"

"ఏ పరుపు?" అన్నాడు బావ.

"మీ పరుపండీ. రోజూ పడుకునేది."

బావ అక్క వైపు చూశాడు.

"రోజూ పడుకునేదంటూ మా ఇంట్లో లేదండీ" అంది అక్క. "ఇవాళ కాంట్రాక్టరు గారి పరుపు. ఆయన లావు, అందుకని చెక్కలా బిగించి కుట్టారు. నిన్న ఎవరో ముసలాయనది, వెన్నపూసలా దిగబడిపోతుంది. రేపు ఎవరిదో. పని లేని రోజున కటిక నేల."

"పెళ్లయిన దగ్గర్నుంచీనా?"

"అంతకు ముందు నుంచీ."

పేటకంతా పరుపులు కుట్టి పంపినవాడికి సొంత పరుపు లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

"ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "పగలంతా నేల మీద వంగి కుట్టడం ఉంది, బరువులున్నాయి. కానీ రాత్రికో పడక మారితే నేను సర్దింది ఎక్కడ నిలుస్తుంది? ఒకే పడక ఉండాలి. దూదిదైనా సరే."

"ఇదే మాట నేనెన్నిసార్లు చెప్పాను?" అని అక్క భర్త వైపు తిరిగింది. "నేను చెబితే సణుగుడు, కోటేసుకున్నాయన చెబితే వైద్యం. ఇంకో సంగతి కూడా అడగండి డాక్టరు గారూ. ఇన్నేళ్లూ నేను దేని మీద పడుకున్నానో అడగండి."

ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పింది.

"చాప మీద. గిరాకీవాళ్ల పరుపు మీద ఇద్దరి బరువు పడకూడదట. పరుపులాయన పెళ్లాన్నండీ నేను, చాప మీద!"

నేను ఆ ఇంటికి వారానికోసారైనా వెళ్లేవాణ్ణి. గోడకు చుట్టి పెట్టిన చాపను ఎన్నోసార్లు చూశాను. అది ఎవరిదని నాకెప్పుడూ తోచలేదు. డాక్టరు మా బావను బతుకుతెరువు అడగలేదని మండిపడ్డాను గానీ, తోడబుట్టినదాని పడక గురించి అడగని నా మీద ఎవరు మండిపడాలి? అత్తయ్య కూడా చెప్పును సంచిలో పెట్టేసుకుంది.

తర్వాత బావ వడ్రంగిని పిలిపించి నడుమెత్తు బల్ల చేయించుకున్నాడు. ఇప్పుడు నిలబడే టాకాలు వేస్తున్నాడు. గిరాకీవాళ్ల పరుపుల మీద పగలు భోజనమయ్యాక కాసేపు ఒళ్లు వాలుస్తాడు, రాత్రి పడుకోడు. దీనికే నలుగురైదుగురు మూతి ముడిచారు. "రాత్రంతా పడుకుని చూస్తేనే కదండీ మీ పరుపు!" అని వాళ్ల బాధ. వాళ్ల నిద్ర కోసం ఈయన వెన్ను అరగాలి! నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధమాడను. అప్పుడప్పుడూ వెళ్లి టక్కుమనిపించుకుని వస్తాడు. అయినా దబ్బనం మాత్రం ఆగలేదు.

సొంత పరుపు కుట్టడానికే చాలాకాలం పట్టింది. ఇంత సతాయించే గిరాకీదారు ఆయనకెప్పుడూ తగల్లేదు. దూది రెండుసార్లు ఏకించాడు, కుట్టింది విప్పాడు, మళ్లీ కుట్టాడు. చివరికి ఒక సాయంత్రం అది బల్ల మీద సిద్ధంగా ఉండగా లాడ్జి మేనేజరు ఊడిపడ్డాడు. ఆయన పాత గిరాకీ.

"పెద్ద అతిథి వస్తున్నాడండీ, జోడు పరుపు కావాలి, ఇప్పుడే." బల్ల మీదున్నదాన్ని అరచేత్తో నొక్కాడు. "అబ్బ! ఇది ఇచ్చేయండి."

అక్క వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. పాత గిరాకీ వచ్చి అడిగితే మా బావ లేదన్న రోజు నేనెరగను. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ పరుపు చుట్టి కట్టే పురికొస వైపు వెళ్లడం కూడా చూశాను.

చెయ్యి మధ్యలో ఆగింది.

"అది అమ్మేది కాదండీ."

"ఎవరైనా ముందే చెప్పారా? ఎవరు? నేను మాట్లాడుకుంటాను."

"మా ఆవిడది."

మేనేజరు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి మానుకున్నాడు. "మీరు మళ్లీ కుట్టుకోవచ్చు కదండీ, మీ చేతిలో పనే కదా!"

"మీదీ నా చేతిలో పనే. కుడతాను. ఆగాలి" అన్నాడు బావ, అదే గొంతుతో.

మేనేజరు గొణుక్కుంటూ మెట్లు దిగాడు. అక్క వచ్చి ఆ పరుపు ఒక కొస పట్టుకుంది. రెండో కొస కోసం బావ ముందుకు వంగబోయాడు.

"మీరు ఆగండి!" అని కసిరి, అక్క నావైపు తిరిగింది. "నువ్వేంట్రా గుడ్లప్పగించి చూస్తున్నావు? రా, పట్టుకో. లోపలికి."